మునిగిన బండిని చంపేది మొదటి కిక్కే

కామారెడ్డి, ఎల్లారెడ్డి: వాన వెలిసింది, నీళ్లు తీశాయి. వాకిట్లో మోటారు సైకిల్ బురద పూసుకొని నిలబడి వున్నది. యజమాని బిందెడు నీళ్లు కొట్టి కడుగుతాడు, తాళం తిప్పుతాడు, "ఒక్క కిక్కు కొట్టి సూద్దాం" అంటాడు. పక్కింటివాళ్లు, పిల్లలు చుట్టూ మూగుతారు. ఆ కిక్కుతో బండి మొరాయిస్తుంది. ఇంకోటి, ఇంకోటి. చివరకు సెల్ఫ్ బటన్ నొక్కి పట్టుకుంటాడు. లోపల యేదో 'టక్' మంటుంది. అంతవరకు కొన్ని వందలతో పోయే పని, ఆ శబ్దంతో వేలల్లోకి వెళ్తుంది.

ఈ సంగతి జిల్లావాసులకు చెప్పవలసిన అవసరం 2025 ఆగస్టులో బాగా తెలిసివచ్చింది. ఆ యేడు ఆగస్టు 27, వినాయక చవితి నాడు కురిసిన వాన జిల్లాను ముంచెత్తింది. రాజంపేట మండలం ఆర్గొండలో వర్షం 43 సెంటీమీటర్లు దాటింది. కామారెడ్డి పట్టణంలో జి.ఆర్. కాలనీ ఇళ్లలోకి నీరు చేరి వాహనాలు కొట్టుకుపోయాయి. భిక్కనూరు, తలమడ్ల వైపు రైలు పట్టాల కింద కట్ట కోసుకుపోయి రైళ్లు నిలిచిపోయాయి. 44వ నంబరు జాతీయ రహదారిపైనా రాకపోకలు తెగాయి. లింగంపేట మండలం లింగంపల్లి ఖుర్దు వద్ద దెబ్బతిన్న వంతెనను సెప్టెంబరు 4న ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి స్వయంగా చూసి వెళ్లారు. కామారెడ్డికీ ఎల్లారెడ్డికీ మధ్య రాకపోకలకు ఈ దారే ఆధారం.

పంట పోయింది, ఇల్లు కూలింది, గొడ్డు కొట్టుకుపోయింది అంటే లెక్క రాసుకొనేందుకు అధికారులు వస్తారు. మునిగిన మోటారు సైకిల్ మాత్రం యే లెక్కలోనూ చేరకుండా మెకానిక్ షెడ్డుకు చేరుతుంది. అయితే పల్లెలో బండి సోకు వస్తువుగా వుండి చాలా కాలమైంది. తెల్లవారుజామున పాల క్యాన్లు మోసేది అదే. యూరియా బస్తా మోసేది, మోటారు కాలిపోతే వైండింగుకు తీసుకెళ్లేది, రాత్రివేళ జ్వరం వచ్చిన పిల్లను ఎల్లారెడ్డి ఆసుపత్రికి చేర్చేది అదే. ఎల్లారెడ్డి నుంచి జిల్లా కేంద్రానికి సుమారు 40 కిలోమీటర్లు. బస్సు వేళకు పొలం పని ఆగదు. బండి పదిరోజులు షెడ్డులో వుంటే ఆ ఇంట్లో పదిరోజుల కూలీయో పాల డబ్బో తగ్గినట్లే.

నీరు అణగదు, రాడ్ వంగుతుంది

మునిగిన బండిని యెందుకు స్టార్ట్ చేయరాదో తెలియాలంటే సైకిలు పంపును తలచుకుంటే చాలు. పంపు మూతిని వేలితో మూసి కడ్డీని నొక్కితే లోపలి గాలి కొంత అణుగుతుంది. అదే పంపులో నీళ్లు నింపి నొక్కితే కడ్డీ వంగవచ్చు గాని నీరు అణగదు. ఇంజనులో పిస్టన్ పని కూడా ఇంతే. అది గాలినీ పెట్రోలు ఆవిరినీ కలిపి నొక్కుతుంది, ప్లగ్ నిప్పురవ్వ వేస్తుంది, అది మండి పిస్టన్‌ను కిందకు తోస్తుంది. గాలి వుండవలసిన చోట నీళ్లు వుంటే పిస్టన్ పైకి పోలేదు. కాలి బలంతోనో సెల్ఫ్ మోటారు బలంతోనో దాన్ని పైకి నెట్టితే కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. అప్పుడు ఇంజను మొత్తం విప్పక తప్పదు.

నీరు లోపలికి పోయే దారులు రెండు. ఒకటి ఎయిర్ ఫిల్టర్, రెండవది సైలెన్సర్. నడుస్తున్న బండిలో పొగ బయటకు తోసుకు వస్తుంది గనుక సైలెన్సర్ మూతి నీళ్లలో వున్నా కొంతసేపు నీరు లోపలికి రాదు. ఇంజను ఆగిన క్షణం నుంచి నీటికి అడ్డం వుండదు. వాగు దాటుతుండగా బండి ఆగిపోతే అక్కడే కిక్కు కొట్టడం అన్నింటికన్నా పెద్ద పొరపాటు అయ్యేది ఇందువల్లనే. అసలు పారుతున్న వాగులోకి బండి దింపడమే తప్పు, నీటి లోతు కనబడుతుంది గాని కింద రోడ్డు వున్నదో కోసుకుపోయిందో కనబడదు.

కిక్కు కొట్టవద్దని చెబితే కొందరు గేరులో వేసి తోయించి స్టార్ట్ చేయిస్తారు. ఇదీ కిక్కుతో సమానమే, గేరులో వున్న బండిని తోస్తే పిస్టన్ తిరుగుతుంది. షెడ్డుకు తీసుకుపోవాలంటే న్యూట్రల్‌లో వుంచి తోసుకుపోవాలి, దూరమైతే ట్రాలీ ఆటోలో వేసుకోవాలి.

ముందు యేది, తర్వాత యేది

తాళం తిప్పకుండానే చేయవలసిన మొదటి పని బ్యాటరీ తీగ విప్పడం. ముందు మైనస్ తీగ, తర్వాత ప్లస్ తీగ. తడిసిన వైరింగులో కరెంటు పారితే ఫ్యూజు పోతుంది. ఫ్యూజుతో పోకపోతే అంతకన్న ఖరీదైనది పోతుంది. బురద కడిగేందుకు సర్వీసింగు షెడ్డులో ప్రెషరు పంపుతో కొట్టించడం చాలామందికి అలవాటు. మునిగిన బండికి అది పనికిరాదు. ఆ ఒత్తిడికి బురద నీరు వైర్ల జాయింట్లలోకి ఇంకా లోతుగా పోతుంది. మామూలు నీళ్లు మెల్లగా పోసి కడగడమే మంచిది.

తర్వాత ముందు చక్రం పైకెత్తి బండిని వెనక్కు వాల్చితే సైలెన్సర్‌లోని నీరు మూతిగుండా దిగుతుంది. ఎయిర్ ఫిల్టర్ డబ్బా విప్పి చూడాలి. ఫోమ్ రకమైతే కడిగి ఆరబెట్టి, కొంచెం ఆయిల్ పట్టించి వాడవచ్చు. కాగితం రకమైతే తడిసిన తర్వాత కొత్తది వేయవలసిందే, ఎండబెట్టి వేస్తే పొరలు అంటుకుపోయి గాలి ఆడదు.

ఇక ఆయిల్. గేజి కడ్డీ తీసి చూస్తే సంగతి తెలిసిపోతుంది. నల్లగానో తేనెరంగులోనో వుంటే నీరు చేరలేదు. పాలు ఎక్కువైన చాయ రంగులో, చిక్కగా నురుగుతో వుంటే నీరు కలిసిందన్నమాట. అలాంటి ఆయిల్‌తో ఇంజను తిప్పితే బేరింగులు, బోరు అరిగిపోతాయి. ఆయిల్ పూర్తిగా దించి కొత్తది పోయాలి. ఆ కొత్త ఆయిల్‌తో కొద్దిసేపు నడిపి, మళ్లీ రంగు మారితే అదీ దించి ఇంకోసారి పోయాలి. రెండుసార్లు ఆయిల్ దండగ అని చాలామంది ఒకసారితో ఆపేస్తారు. ఇంజను పని పడితే అయ్యే ఖర్చుతో పోలిస్తే ఒక డబ్బా ఆయిల్ ఖరీదు యేపాటి?

ఆ తర్వాత ప్లగ్ విప్పాలి. ప్లగ్ తీసిన రంధ్రం వైపు ముఖం పెట్టకుండా, తాళం ఆపివుంచి, కిక్కును కాలితో కొట్టక చేతితో మెల్లగా నొక్కాలి. లోపల నీరు వుంటే ఆ రంధ్రంగుండా చిమ్ముతుంది. అడ్డంకి లేకుండా తిరుగుతున్నంతవరకు నాలుగైదుసార్లు ఇలా చేసి, నీరు రావడం ఆగాక సిలిండరులో నాలుగు చుక్కలు ఇంజను ఆయిల్ వేసి మళ్లీ మెల్లగా తిప్పాలి. నడమ ఎక్కడైనా గట్టిగా పట్టేస్తే బలవంతం చేయరాదు, అక్కడితో ఆపి మెకానిక్‌కు వదిలేయాలి. కిక్కు లేని బండ్ల సంగతీ ఇంతే, సొంతంగా సెల్ఫ్ నొక్కి పరీక్షించడం కంటే షెడ్డుకు పంపడం మేలు.

ఇవన్నీ అయ్యాక ప్లగ్ తుడిచి, దాని టోపీ ఆరబెట్టి, వైర్ల జాయింట్లు విప్పి కంప్రెసర్ గాలి పట్టించి, ఎండలో వుంచి, అప్పుడు బ్యాటరీ తీగలు బిగించాలి. వరదల తర్వాత షెడ్డుల ముందు బండ్లు వరుసకట్టినప్పుడు మెకానిక్ ఒక్కో బండికి ఇంత సమయం ఇవ్వలేడు. కనుక బ్యాటరీ తీయడం, సైలెన్సర్ వంచడం, ఫిల్టర్ విప్పడం వంటివి ఇంటివద్దే చేసుకొన్నవారికి ఖర్చు తగ్గుతుంది, కాలం కలిసివస్తుంది. చేతకాకపోతే యేమీ చేయకుండా వుంచడం కూడా మంచి పనే. అయితే వారాల తరబడి వదిలేస్తే లోపల తుప్పు పడుతుంది. ఎంత తొందరగా ఆయిల్ దించితే అంత మేలు.

ట్యాంకులో పెట్రోలు యేమైనట్లు?

మునిగిన బండి ట్యాంకులోని పెట్రోలు మీద మనసు చంపుకోలేక అదే వాడేవారు వున్నారు. పూర్వం పెట్రోలులో నీరు కలిస్తే నీరు కింద, పెట్రోలు పైన విడిగా నిలిచేవి. కింద నీరు దించేస్తే పైది పనికివచ్చేది. ఇప్పుడు బంకుల్లో పోసేది 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు. చెరకు, మొక్కజొన్న, బియ్యం వంటివాటినుంచి తీసే ఈ సారాయి వంటి ద్రవం నీటిని తనలోకి లాక్కుంటుంది. నీరు కొద్దిగా వుంటే కలిసిపోతుంది. హద్దు దాటితే ఇథనాల్, నీరు రెండూ పెట్రోలును వదిలి అడుక్కు దిగుతాయి. పైన మిగిలింది ఇథనాల్ పోయిన పెట్రోలు, కిందిది మండని నీళ్లు. బండికి అందేది అడుగునుంచే.

పరీక్ష సులభం. ట్యాంకునుంచి కొద్దిగా ఒక గాజు సీసాలోకి పట్టి, బీడీ సిగరెట్టులకు దూరంగా అరగంట వుంచితే చాలు. నడమ గీత గీసినట్లు రెండు పొరలు కనబడితే, లేదా మబ్బు పట్టినట్లు వుంటే, ట్యాంకు మొత్తం దించి కడగవలసిందే. పాత కార్బొరేటర్ బండ్లలో పెట్రోలు కాక్‌ను రిజర్వులో పెడితే ముందు దిగేవి నీళ్లే, రిజర్వు గొట్టం ట్యాంకు అడుగునుంచి తీసుకుంటుంది గనుక. కార్బొరేటర్ గిన్నె కింద వుండే మర విప్పి అందులోని నీరు కూడా తీసేయాలి.

కొత్త బండ్ల తీరు వేరు

రాజ్‌దూత్, చేతక్ కాలంలో బండి స్టార్ట్ కాకపోతే పక్కకు వంచి, తల మీద తట్టి, ప్లగ్ తీసి ఊది మళ్లీ కొట్టేవారు. 1985లో వచ్చిన హీరో హోండా సిడి 100 తరంనుంచి చాలాకాలం ఈ చిట్కాలతోనే గడిచింది. 2020 ఏప్రిల్ 1నుంచి అమ్మిన బిఎస్-6 బండ్లలో కార్బొరేటర్ స్థానంలో పెట్రోలు పంపు, ఇంజెక్టరు, వాటిని నడిపే చిన్న కంప్యూటర్ డబ్బా వచ్చాయి. రైతులు ఎక్కువగా వాడే మోపెడ్లలో కూడా ఇదే పద్ధతి. కాబట్టి వంచడం, తట్టడం వల్ల లాభం లేదు. పైపెచ్చు కొన్నింటికి నష్టం.

వరదతో పనిలేకుండా మామూలు రోజున కొత్త బండి మొరాయించినా ముందు చూడవలసినవి చాలా చిన్న సంగతులు. హేండిల్ కుడివైపు ఎర్ర స్విచ్చు ఆఫ్‌లో వుందేమో. పిల్లలు ఆడుకుంటూ నొక్కిన ఆ స్విచ్చు వల్ల షెడ్డు దాకా తోసుకుపోయిన వారి కథలు ప్రతి మెకానిక్ వద్దా వింటాం. సైడు స్టాండు దించి వుందేమో. చాలా కొత్త బండ్లలో స్టాండు దించి గేరు వేస్తే ఇంజను ఆగిపోయే యేర్పాటు వున్నది. ఆ స్టాండు దగ్గరి స్విచ్చులో బురద నిండితే స్టాండు ఎత్తినా అది దించినట్లే భావిస్తుంది. అక్కడ కడిగితే చాలు. క్లచ్ నొక్కకుండా గేరులో సెల్ఫ్ కొట్టినా చాలా బండ్లు పలకవు.

తాళం తిప్పగానే ట్యాంకు దగ్గర రెండు మూడు సెకండ్లపాటు సన్నగా 'జుయ్' మని పంపు శబ్దం వినిపించాలి. వినిపించకపోతే ఫ్యూజు, పంపు వైరు చూడాలి. మీటరులో ఇంజను బొమ్మ పసుపు దీపం స్టార్ట్ అయ్యాక ఆరిపోవాలి. ఆరకుండా వెలుగుతుంటే యేదో సెన్సరు లోపం. దాన్ని పట్టేందుకు కంపెనీ సర్వీసు సెంటరులోనో, స్కానరు వున్న షెడ్డులోనో చూపించాలి. ఇంకో విషయం. పూర్వం బ్యాటరీ చచ్చినా తోసి స్టార్ట్ చేసుకొని నెలలు గడిపేవారు. ఇప్పుడు పంపుకూ ఇంజెక్టరుకూ కరెంటు కావాలి గనుక, బ్యాటరీ పూర్తిగా పడిపోయిన చాలా బండ్లను యెంత తోసినా స్టార్ట్ కావు. పెట్రోలు బొట్టులేకుండా ఎండగొట్టి నడపడం కూడా మంచిది కాదు, ఆ పంపును చల్లబరచేది చుట్టూ వుండే పెట్రోలే.

ఊళ్లలోని మెకానిక్‌లు చాలామంది పాత బండ్లమీద చేయి తిరిగినవారు. చెవితో విని రోగం చెప్పగలరు. ఈ కంప్యూటర్ డబ్బా వచ్చాక మాత్రం స్కానరు లేనిదే కొన్ని లోపాలు పట్టలేకపోతున్నారు. అందుకు వారిని తప్పుపట్టి ప్రయోజనం లేదు, ఆ పరికరం కొనాలన్నా నేర్చుకోవాలన్నా వారికి ఖర్చే.

పడిన బండి

వరద తర్వాత గుంతలు పడిన రోడ్లమీద, కోతల కాలంలో తారురోడ్డు సగం ఆక్రమించిన ధాన్యం కుప్పల దగ్గర బండ్లు పడటం ఈ ప్రాంతానికి కొత్త కాదు. కుప్పల చుట్టూ పెట్టిన రాళ్లు రాత్రిపూట కనబడవు. పడిన బండి సంగతి చూసేముందు మనిషి సంగతి చూడాలని వేరే చెప్పనక్కరలేదు. 108కు ఫోను చేయడం, స్పృహ లేనివాడి తలనుంచి హెల్మెట్ లాగకుండా ఊపిరి ఆడుతున్నదో లేదో చూడటం ముఖ్యం. సాయం చేస్తే పోలీసు కేసులో ఇరుక్కుంటామనే భయం ఇంకా పోలేదు. 2019లో మోటారు వాహనాల చట్టానికి చేసిన సవరణ, సాయపడినవారికి చట్టం నుంచి రక్షణ ఇచ్చింది. 2025 మే 5న కేంద్రం ప్రకటించిన పథకం కింద, రోడ్డు ప్రమాద బాధితులకు ఆ పథకంలో చేరిన ఆసుపత్రుల్లో యేడు రోజులదాకా లక్షన్నర రూపాయల వరకు డబ్బు కట్టకుండా వైద్యం చేయవలసి వున్నది. ఢీకొట్టిన వాహనం ఆగకుండా పారిపోతే, 2022 ఏప్రిల్ నుంచి మృతుని కుటుంబానికి 2 లక్షలు, తీవ్రంగా గాయపడినవారికి 50 వేలు ఇచ్చే పద్ధతి కూడా వున్నది. ఇది పోలీసుల వద్ద కేసు నమోదైతేనే కదులుతుంది.

ఇక బండి. పడగానే తాళం తీసి ఆపాలి. పెట్రోలు వాసన వస్తుంటే కారుతున్నచోటు తెలిసేదాకా స్టార్ట్ చేయరాదు. బిఎస్-6 బండి పడి లేచాక సెల్ఫ్ తిరుగుతున్నా స్టార్ట్ కాకపోతే కంగారు పడనక్కరలేదు. బండి ఒరిగిందని గుర్తించి ఇంజనును ఆపే సెన్సరు చాలావాటిలో వుంటుంది. నిలబెట్టి, తాళం పూర్తిగా ఆపి, కొద్దిసేపు ఆగి మళ్లీ తిప్పితే అది మామూలు స్థితికి వస్తుంది. పాత బండిలో అయితే పెట్రోలు పొంగి ప్లగ్ తడుస్తుంది. చోక్ తీసేసి, రేజు పూర్తిగా తిప్పి పట్టుకొని నాలుగు కిక్కులు కొడితే ఆరుతుంది.

స్టార్ట్ అయిందిగదా అని ఎక్కి వెళ్లిపోవడమే ప్రమాదం. ముందు చక్రాన్ని రెండు మోకాళ్ల నడుమ పట్టి చూస్తే హేండిల్ నేరుగా వున్నదో లేదో తెలుస్తుంది. వంకరగా వుంటే ఫోర్కు మెలితిరిగిందన్నమాట. కాలు పెట్టే రాడ్ వంగి బ్రేకు పెడల్‌ను నొక్కిపట్టి వుంచితే వెనక చక్రం వేడెక్కి పట్టేస్తుంది. గేరు లీవరు లోపలికి వంగి ఇంజను కేసింగును తాకితే పగులు పడి ఆయిల్ కారుతుంది, దారిలో ఆయిల్ అయిపోయి ఇంజను పట్టేస్తుంది. బ్రేకులు, హేండిల్ పూర్తిగా తిరగడం, ఆయిల్ చుక్కలు, ఈ మూడూ చూడకుండా పడిన బండిని మళ్లీ రోడ్డెక్కించరాదు. మునిగిన బండికీ బ్రేకుల విషయంలో ఇదే మాట. డ్రమ్ములో వండ్రుమట్టి వుంటే బ్రేకు కొట్టిన మొదటిసారి పట్టదు, రెండవసారి గట్టిగా పట్టి పడేస్తుంది.

'ఇన్సూరెన్స్ వున్నది' అన్నమాట

షెడ్డు ఖర్చు చెప్పాక యజమాని వెతికేది ఇన్సూరెన్స్ కాగితం. చాలామంది మోసపోయేది ఇక్కడే. సుప్రీంకోర్టు ఆదేశంతో 2018 సెప్టెంబరు 1నుంచి కొత్త మోటారు సైకిల్‌కు అయిదేళ్ల థర్డ్ పార్టీ బీమా కొనేటప్పుడే కట్టించుకుంటున్నారు. కాగితంమీద అయిదేళ్ల తేదీ కనబడుతుంది గనుక అయిదేళ్లూ అన్నింటికీ బీమా వున్నదని యజమాని నమ్మకం. థర్డ్ పార్టీ అంటే తన బండివల్ల ఎదుటివారికి జరిగిన నష్టానికి మాత్రమే. తన బండి మునిగినా, పడినా, దొంగలెత్తుకుపోయినా అందులో పైసా రాదు. దానికి 'ఓన్ డ్యామేజ్' అనే భాగం వేరే వుంటుంది. తరచు అది మొదటి యేడాదికే వుండి ముగుస్తుంది. 2019 సెప్టెంబరు నుంచి ఆ భాగాన్ని విడిగా కొని కొనసాగించుకొనే వీలు వున్నా, గుర్తుచేసేవారు లేక వదిలేస్తున్నారు. కాగితంలో రెండు తేదీలు వేరువేరుగా రాసి వుంటాయి, రెండింటినీ చదివించుకోవాలి.

ఓన్ డ్యామేజ్ వున్నవారికి కూడా మొదటి కిక్కు ఇక్కడ అడ్డం వస్తుంది. వరద నష్టం బీమాలో వున్నదే. నీరు చేరిన ఇంజనును తిప్పినందువల్ల రాడ్ వంగితే మాత్రం, అది వరద చేసిన నష్టం కాదు, యజమాని చేసిన నష్టమని కంపెనీలు కొట్టివేయవచ్చు. అందుకే బండి మునిగిన స్థితిలోనే నీటి గుర్తు కనబడేలా, నంబరు పలక కనబడేలా ఫోటోలు తీసి, కంపెనీకి తెలియజేసి, సర్వేయరు చూసేదాకా విప్పకుండా వుంచడం మంచిది. ఆలస్యమయ్యేలా వుంటే బ్యాటరీ తీగ తీయడం వంటి జాగ్రత్తలు తీసుకొని ఆ మాట వారికి చెప్పాలి. రబ్బరు, ప్లాస్టిక్ సామాన్లకు, బ్యాటరీకి సాధారణంగా సగం ధర కోసి ఇస్తారు.

ప్రమాదం జరిగితే యజమానికే వర్తించే 15 లక్షల వ్యక్తిగత ప్రమాద బీమా కూడా తప్పనిసరిగా కట్టించుకుంటున్నదే. యజమాని మరణిస్తే ఆ సొమ్ము వారసులకు రావాలి. ఆ సంగతి తెలియక అడగని కుటుంబాలు వుంటాయి. లైసెన్సు లేకుండా నడిపితే అది రాదు.

విజయవాడలో ఇచ్చారు

బీమా లేనివారికి మిగిలేది ప్రభుత్వ సాయం. విపత్తు నిధి నుంచి యే నష్టానికి యెంత ఇవ్వాలో కేంద్రం ఒక పట్టిక పెట్టింది. మనిషి మరణిస్తే 4 లక్షలు, ఇల్లు, పంట, పశువు, బట్టలు, వంటసామాను, చేతివృత్తి పనిముట్లు, చేపల పడవ అందులో వున్నాయి. మోటారు వాహనం అన్న మాట అందులో లేదు. ఆ పట్టిక ప్రకారం లెక్క రాసే అధికారిని తప్పుపట్టలేము.

కాని రాష్ట్ర ప్రభుత్వం తలచుకుంటే పట్టికకు మించి ఇవ్వవచ్చునని పొరుగున రుజువైంది. 2024 సెప్టెంబరు 1న బుడమేరు పొంగి విజయవాడలో సింగ్ నగర్ ప్రాంతం రోజుల తరబడి నీళ్లలో వున్నప్పుడు వేలాది బండ్లు మునిగాయి. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ప్రకటించిన సాయంలో మునిగిన ద్విచక్ర వాహనానికి 3 వేలు, ఆటోకు 10 వేలు వున్నాయి. బీమా క్లెయిములు తొందరగా తేల్చాలని కంపెనీలమీద ఒత్తిడి తెచ్చారు. 3 వేలతో చెడిన ఇంజను బాగుకాదు. కాని మొదటి కిక్కు కొట్టని బండికి ఆయిల్, ఫిల్టర్, ప్లగ్, మెకానిక్ కూలి వరకు ఆ సొమ్ము దన్నుగా వుంటుంది. బండి ఒక కుటుంబం పనిముట్టని ఒక ప్రభుత్వం ఒప్పుకున్నదన్నది అంతకన్న ముఖ్యం. సాలెవాని మగ్గం పనిముట్టయినప్పుడు పాలవాడి బండి ఎందుకు కాకూడదన్న ప్రశ్నకు కామారెడ్డిలో గాని, హైదరాబాదులో గాని యెవరో ఒకరు జవాబు చెప్పవలసి వున్నది.

ఆ జవాబు వచ్చినా డబ్బు అందేది ఆర్.సి. మీద పేరున్న వారికే. పల్లెల్లో తిరిగే పాత బండ్లలో చాలా వాటికి కాగితం ఇంకా మొదటి యజమాని పేరనే వున్నది. కొన్నప్పుడు డబ్బు ఇచ్చి తాళం తీసుకోవడంతో బేరం ముగుస్తుంది. చనిపోయిన తండ్రి పేరనున్న బండిని కొడుకు నడుపుతుంటాడు. అమ్మినవారు ఫారం 29, కొన్నవారు ఫారం 30 ఇచ్చి పేరు మార్పించుకోవాలి. అమ్మిన 14 రోజుల్లోగా ఆ సంగతి ఆర్.టి.ఓ. కార్యాలయానికి తెలియజేయాలన్నది చట్టం. కొన్నవారు బీమా కంపెనీకి కూడా అంతే గడువులో తెలియజేసి కాగితం తమ పేరున మార్పించుకోవాలి. లేకుంటే ఓన్ డ్యామేజ్ క్లెయిము నిలవదు. అమ్మినవారికీ ఇందులో ప్రమాదం వున్నది, ఆ బండి రేపు యెవరినైనా గుద్దితే కోర్టు నోటీసు వచ్చేది పాత పేరుకే. వానాకాలం ముందు ఆయిల్ మార్పించుకొనేవారు అదే రోజున ఈ కాగితం కూడా తీసి ఒకసారి పేరు చూసుకోవచ్చు.